మోసేది నాలుగు వందలే

సాగర్ రింగ్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే గల్లీలో భానుప్రియ వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్లులు ఆ గల్లీలో ఎవరైనా చేసిస్తారు. ఆమె దగ్గరికి జనం వచ్చేది ఘోడీల కోసం. గ్రానైట్ బండలు, ప్లైవుడ్ షీట్లు పరుచుకుని కోయడానికి జతగా వాడే ఇనుప స్టాండ్లను మేస్త్రీలు ఘోడీలంటారు. చూడటానికి అందులో ఏమీ లేదు. పైన ఒక అడ్డ గొట్టం, కింద నాలుగు కాళ్లు. కానీ మీదున్న బరువు పక్కన నిలబడ్డ మనిషి మీద పడకుండా ఆపేది అదొక్కటే.

భానుప్రియ చేసిన ప్రతి ఘోడీ కాలు మీదా ఎర్ర రంగుతో ఒక మాట ఉంటుంది: ‘జతకు 400 కిలోలు. అంతే.’

ఆ రాత మొదలైంది ఒక వడ్రంగి అడిగిన ప్రశ్నతో. “ఎంత మోస్తదే ఇది?” అని అతను అడిగితే, పక్కన కుర్చీలో ఉన్న తండ్రి మట్టయ్య, “ఎంతైనా మోస్తది, తీస్కపో” అన్నాడు. మట్టయ్య పాత వెల్డరు. కళ్లు మసకబారాక పని కూతురికి అప్పగించి, రోజూ షాపులో కూర్చుని శబ్దాన్ని బట్టి పని వింటూ ఉంటాడు. తండ్రి మాట ఆమెకు నచ్చలేదు. ఎంతైనా మోసే వస్తువు లోకంలో ఎక్కడుంది? ఆ వారమే పక్కనున్న సిమెంటు దుకాణం వాళ్లను బతిమాలి, బస్తాలు తెప్పించి, ఒక జత ఘోడీల మీద ఒక్కొక్కటే పేర్పించింది. ఎనిమిది వందలకు దగ్గర పడుతుండగా ఒక కాలు పక్కకు జారి, బస్తాలన్నీ దొర్లిపోయాయి. ఆమె అందులో సగం రాసింది.

“సగం బలం దాచిపెడ్తున్నవేంది బిడ్డా?” అని నవ్వాడు మట్టయ్య.

“బండను ఎవడు మెల్లగ దించుతడు నాయినా? ధన్ మని ఇడుస్తరు. మీదికెల్లి మిషిన్ నడుపుతరు. ఒక కాలు గుంతల ఉంటది. గా సగం గందుకే.”

మట్టయ్యకు ఆ లెక్క నచ్చింది. కానీ బజారుకు నచ్చలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైను పక్కన పనిముట్ల దుకాణం ఉన్న రామమోహనరావు ఆమె దగ్గర ఘోడీలు టోకున కొనేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, మాట మెత్తన.

“ఏమ్మా భానూ, నీ సరుకు బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ ఎర్ర రాతే మన కొంప ముంచుతోంది. గిరాకీ వచ్చి నాలుగొందలని చదువుతాడు, ఇంతేనా అని పక్క షాపుకెళ్తాడు. అక్కడ వాటి మీద ఏ రాతా ఉండదు. రాయకుండా పంపు, చాలు.”

“రాయకుంటే ఎంత పెట్టాల్నో ఎట్ల తెలుస్తది సార్?”

“వాళ్లకి తెలీదా ఏం? రోజూ చేసే పనేగా!”

“తెల్వదు గనకనే అడుగుతున్నరు. నేనైతే రాస్త. ఇష్టముంటే తీస్కోండ్రి.”

రామమోహనరావు నవ్వేసి సరుకు బండికెక్కించుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఒప్పుకున్నాడనుకుంది భానుప్రియ.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, చీర కొంగు నడుముకు బిగించిన ఒకావిడ గల్లీలోకి విసురుగా వచ్చింది. వెంట ఎవరూ లేరు. షాపు ముందు ఆగి, “ఎవరిక్కడ భానుప్రియ?” అని గట్టిగా అడిగింది.

భానుప్రియ ముఖానికున్న వెల్డింగ్ షీల్డు పైకెత్తింది. “నేనే అమ్మా. ఏమైంది?”

“ఏమైందా? నా పెనిమిటి కాలు నుజ్జునుజ్జైంది. తుర్కయంజాల్ బండల యార్డుల నీ ఘోడీ కూలి మూడు బండలు మీద వడ్డయి. దవాఖానల రాడ్ ఏసిన్రు. ఆడమనిషి చేసిన వెల్డింగు గట్లనే ఉంటదని యార్డు సేటు అంటున్నడు. మొగోళ్ల పని నీకెందుకే?”

చుట్టుపక్కల షాపుల వాళ్లు తొంగిచూశారు. మట్టయ్య కుర్చీలోంచి లేవబోయాడు. భానుప్రియ తండ్రిని కూర్చోమని సైగ చేసింది. ఆవిడ పేరు పూలమ్మ. భర్త దశరథ ఆ యార్డులో బండలు కోసే మేస్త్రీ. అరిచి అరిచి ఆమె గొంతు జీరపోయింది. భానుప్రియ నీళ్ల సీసా ఇచ్చింది. పూలమ్మ తాగలేదు, పక్కన పెట్టింది.

“మూడు బండలన్నవా? మూడూ ఒక్క జత మీదనేనా?”

“మరి? వెయ్యి కిలోలు మోస్తదని రాసి ఉన్నదట గద దానిమీద!”

భానుప్రియ చేతికున్న గ్లౌజు తీసి బల్ల మీద పెట్టింది. “వెయ్యా? నా ఘోడీ మీద? నడువు, పోయి చూద్దాం.”

ఇద్దరూ ఆటోలో యార్డుకు వెళ్లారు. యార్డులో విరిగిన బండల ముక్కలు, వంకర తిరిగిన ఘోడీ ఇంకా ఒక మూలనే ఉన్నాయి. అది తన ఘోడీయే. అతుకులు ఒక్కటీ విడలేదు; కాళ్లే వంగిపోయాయి. కాలు మీద ఎర్ర రాత ఉండాల్సిన చోట కొత్తగా బూడిదరంగు పూసి ఉంది. దాని మీద మెరిసే స్టిక్కరు: ‘1000 కేజీలు, హెవీ డ్యూటీ.’ భానుప్రియ అక్కడున్న పాలిషింగ్ వాళ్లను థిన్నరు అడిగి, స్టిక్కరు పీకేసి గుడ్డతో ఆ చోటును రుద్దింది. బూడిదరంగు కరిగి కిందనుంచి ‘400’ బయటపడింది. ‘అంతే’ అన్న మాట సగమే మిగిలింది.

పూలమ్మ వంగి దాన్ని చూసింది. “నాకు సదువు రాదు. అది ఎంత?”

“నాలుగు వందలు. బండ ఒక్కటే రెండు వందల అరవై ఉంటది. ఒక్కదానికి సరిపోతది. రెండోది పెట్టొద్దు.”

“మరి మా ఆయన మూడు పెట్టె.”

“వెయ్యని చదివి పెట్టిండు. ఆయన తప్పేం లేదమ్మా.”

పూలమ్మ అక్కడే బండ ముక్క మీద కూలబడి, దవాఖానకు వెళ్లిన రోజు నుంచీ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే భానుప్రియ ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది. రామమోహనరావు దుకాణం అప్పుడే తెరిచారు. ముందు వరసలో తన ఘోడీలే ఉన్నాయి. అన్నిటికీ బూడిదరంగు, అన్నిటి మీదా అదే స్టిక్కరు.

“ఇదేంది సార్?”

ఆయన కంగు తిన్నాడు కానీ వెంటనే సర్దుకున్నాడు. “కూర్చో అమ్మా, టీ చెప్తాను.”

“టీ ఒద్దు. మీ స్టిక్కరు నమ్మి ఒకాయన కాలు నుజ్జైంది.”

“విన్నాను. చాలా బాధేసింది. కానీ చూడు, నేనొక్కణ్ణే కాదు, బజారంతా ఇలాంటి స్టిక్కర్లే. పనివాళ్లు కొంచెం చూసుకోవాలి కదా. ఘోడీని వంకరగా పెట్టారని నువ్వొక్క మాట చెప్పు. యార్డు వాళ్లూ అదే చెప్తారు. గొడవ అక్కడితో ఆగిపోతుంది. ఈ సీజను మొత్తం నా ఘోడీలు నీ దగ్గరే చేయిస్తాను. ఇంకెవరికీ ఇవ్వను.”

“లేకుంటే?”

ఆయన గొంతు మెత్తదనం తగ్గలేదు. “లేకపోతే నీ వెల్డింగే సరిగా లేదని నేను చెప్పాల్సి వస్తుంది. ఎవరి మాట నమ్ముతారో ఆలోచించుకో.”

భానుప్రియ ముందు వరసలోని ఘోడీ ఒకటి ఎత్తి, స్టిక్కరు గోటితో చీరి కింద పడేసింది. “చెప్పుకోండ్రి. నేను చేసిన పనికి నేనే జవాబిస్త. మీరు రాసిన అబద్ధానికి మీరియ్యాలె. ఇయ్యాల్టి సంది నా షాపుల మీకు ఒక్క ఇనుప మొల గూడ దొరకది.”

ఆ మాట అన్నంత సులువుగా రోజులు గడవలేదు. రామమోహనరావు అన్నంత పనీ చేశాడు. ‘ఆ ఎర్ర రాతల అమ్మాయి ఘోడీలు కూలిపోతున్నాయి’ అన్న మాట దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, అక్కణ్ణుంచి సాగర్ రోడ్డు యార్డులదాకా పాకింది. పని చెప్పిన వాళ్లు ఫోన్ చేసి వద్దన్నారు. కొందరు ఫోన్ కూడా చేయలేదు. చేసి పెట్టిన ఘోడీలు గోడకు ఆనించి వరసగా ఉండిపోయాయి. భర్త ఆకాశ్ ఆర్టీసీలో డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, అడ్డం లేకుండా వాటిని లోపలికి జరిపిపెట్టేవాడు. ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ బరువనిపించేది.

అన్నది మట్టయ్య. “నంబరు రాయకుంటే ఏమైతది బిడ్డా? అందరం గట్లనే బతికినం. నేను ఇన్నేండ్లు ఏం రాసిన్నా?”

“నువ్వు చేసిన ఘోడీ ఎవరి మీదన్న వడ్డదా నాయినా?”

“వడ్డదో లేదో నాకెవ్వరు ఒచ్చి చెప్పలే.”

“నాకొచ్చి చెప్పిన్రు. గంతే ఫరక్. ఇప్పుడు తెల్వనట్లు ఎట్లుండాలె?”

మట్టయ్య చేత్తో తడిమి, ఎర్ర రంగు డబ్బా ఆమె వైపు జరిపాడు.

దశరథను దవాఖాన నుంచి ఇంటికి పంపించాక పూలమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి అరవలేదు. కుర్చీ ఇస్తే కూర్చుంది, నీళ్లు ఇస్తే తాగింది.

“యార్డుకు పోయిన. మా ఆయన సామాను తెచ్చుకుందామని. అదే జాగల కొత్త ఘోడీలు పెట్టిన్రు. మళ్ల దిల్‌సుఖ్‌నగర్‌కెల్లి తెచ్చినయే. మళ్ల మూడు మూడు బండలు ఎక్కిస్తున్నరు. ఆ మూలకున్న నెత్తుటి మరక గూడ సక్కగ కడగలే.” ఆమె నీళ్ల సీసా కింద పెట్టింది. “నా మొగోని కాలు పాయె. ఇంకొకని కాలు గూడ పోవాల్నా? నువ్వేం చేస్తవో చెయ్యి. నేను నీ ఎనక ఉంట.”

భానుప్రియ ఆ సాయంత్రమే యార్డు సేటుకు ఫోన్ చేసింది. “నా వెల్డింగు మంచిగలేదని చెప్తున్నరంట గద. నా ఘోడీల జత పట్టుకొస్త. మీ యార్డులనే, మీ బండలే పెట్టి, మీ పనోళ్లందరి ముంగట చూద్దాం. ఎన్ని మోస్తదో, ఎప్పుడు కూలుతదో.”

సేటుకూ అదే కావాలి. ఆమె ఘోడీ అందరి ముందూ కూలితే తన మీద మాట ఉండదు. రమ్మన్నాడు. రామమోహనరావుకు కూడా కబురు పెట్టాడు.

ఆదివారం పొద్దున వాన లేదు. పక్క యార్డుల పనివాళ్లు కూడా వచ్చి షెడ్డు చుట్టూ నిలబడ్డారు. భానుప్రియ ట్రాలీ ఆటోలోంచి ఘోడీలు దింపి, నేల చదునుగా ఉన్న చోట పెట్టింది. చుట్టూ తాడు కట్టించి, అందర్నీ దాని అవతలికి పంపింది. పగుళ్లొచ్చి పక్కన పడేసిన బండలను క్రేనుతో తెచ్చారు. పూలమ్మ తాడు పక్కనే నిలబడింది. మట్టయ్య కూడా వస్తానని పట్టుబట్టి వచ్చాడు. బాగా కనిపించకపోయినా ముందు వరసలోనే ఉన్నాడు.

తెల్ల చొక్కాలో వచ్చిన రామమోహనరావు అందరికీ వినపడేలా అన్నాడు: “నీ ఘోడీ మీద నీకంత నమ్మకముంటే, బండ పెట్టాక దాని కింద కూర్చోమ్మా. అప్పుడు మేమందరం ఒప్పుకుంటాం.”

కొందరు నవ్వారు. కొందరు ఆమె వంక చూశారు, కూర్చుంటుందేమోనని.

“కూసోను,” అంది భానుప్రియ.

“చూశారా! భయం!”

“భయమే సార్. బరువంటే భయముండాలె. నా ఘోడీ మీద నాకు నమ్మకమున్నది, అయినా కింద కూసోను. ఎవర్ని కూసోనియ్య. మోసే బరువు కింద మనిషి ఉండొద్దనే కదా ఇన్ని రోజుల సంది మొత్తుకుంటున్న! మీ స్టిక్కరు నమ్మి ఒకాయన నిలవడ్డడు. సాలదా?”

ఆమె క్రేను నడిపే అతనికి చెయ్యి ఊపింది.

మొదటి బండ దిగింది. ఘోడీలు కదల్లేదు. “ఇది నేను రాసినదాని లోపలే,” అందామె. రెండో బండ దిగింది. అడ్డ గొట్టాలు సన్నగా మూలిగాయి. మట్టయ్య తల పక్కకు వంచి ఆ శబ్దం విన్నాడు. బండలు మాత్రం నిలిచాయి.

సేటు చేతులు చరిచాడు. “అరే, నాలుగు వందలు దాటిపాయె గద! నిలవడ్డది! అంటే నువ్వు రాసింది గూడ అబద్ధమేనాయె!”

“ఇయ్యాల నిలవడ్డది. మెల్లగ దించిన్రు, నేల మంచిగున్నది, పక్కపొంటి మిషిన్ లేదు, ఎవరు ఆనుకోలే. రోజు గిట్లనే చేస్తరా మీరు?” ఆమె పనివాళ్ల వైపు తిరిగింది. “చేస్తరా అన్నా?”

వాళ్లలో ఒకాయన తల అడ్డంగా ఊపాడు.

“మూడోది పెట్టు,” అంది క్రేను అతనితో.

మూడో బండ బరువు పూర్తిగా ఆనుతుండగా ఒక కాలు విల్లులా వంగింది. ఒక్క క్షణం అంతా అలాగే ఆగినట్టనిపించింది. తర్వాత మూడు బండలూ పెద్ద చప్పుడుతో నేలకు కొట్టుకుని ముక్కలయ్యాయి. దుమ్ము షెడ్డు కప్పుదాకా లేచింది. తాడు అవతలున్న వాళ్లు కూడా వెనక్కి గెంతారు. పూలమ్మ చెవులు మూసుకుంది. ఆ చప్పుడు తన మొగుడు విన్నదే అని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“పడిపోయిందిగా!” అన్నాడు రామమోహనరావు. “అందరూ చూశారుగా, ఈమె చేసిన ఘోడీ పడిపోయింది!”

“అవు, వడ్డది,” అంది భానుప్రియ. గొంతు పెంచింది. “నేను చేసిందే వడ్డది. ఇనుముకు సిగ్గులేదు సార్, మోయలేంది మోయలేనని చెప్తది. నేను గదే దాని మీద రాసిన. మీరు తుడిచిన్రు. ఇప్పుడు మీ ఘోడీలు పెట్టుండ్రి. గా మూలకున్నయి, వెయ్యి కిలోల స్టిక్కరున్నయి. నాలుగు బండలు ఎక్కియ్యాలె. వెయ్యి గావాలె గద?”

ఆయన ముఖం ఎర్రబడింది. “నా సరుకు నేనే పాడుచేసుకోవడానికి నేనేమైనా పిచ్చివాణ్ణా?”

“మరి మా కాళ్లు ఏం సరుకు సార్?”

అన్నది భానుప్రియ కాదు. ఇందాక తల ఊపిన పనివాడు. తాడు దాటి లోపలికొచ్చి, మూలనున్న కొత్త ఘోడీని కాలితో తోశాడు. క్రేను నడిపే అతను స్విచ్చి ఆపేసి కిందికి దిగాడు.

“సేటూ, నిజం నంబరు లేని ఘోడీ మీద ఇగ మేం బండ ఎక్కియ్యం,” అన్నాడతను. “రేపటి సంది.”

“రేపటి సంది కాదు, ఇప్పటి సంది!” అంది పూలమ్మ తాడు మీంచి.

సేటు కోప్పడ్డాడు, పేరు పేరునా పిలిచి పనిలోంచి తీసేస్తానన్నాడు. వాళ్లు షెడ్డు బయట నీడలో కూర్చున్నారు. మర్నాడు కూడా పనికి వచ్చారు, వచ్చి మళ్లీ అక్కడే కూర్చున్నారు. బండల కోసం వచ్చిన లారీలు గేటు ముందు నిలబడ్డాయి. పక్క యార్డుల్లోనూ అదే మాట మొదలవడంతో సేటు దిగొచ్చాడు. పంతం కొద్దీ ఘోడీలు మాత్రం భానుప్రియ దగ్గర కొనలేదు. హయత్‌నగర్‌లో ఇంకొకరి దగ్గర చేయించాడు. అయితే పనివాళ్లు ముందు వాటి మీద బస్తాలు పేర్చి చూసి, నంబరు రాయించుకున్నాకే బండ ఎక్కించారు. ఆ సంగతి విని భానుప్రియ గట్టిగా నవ్వింది. ఆకాశ్‌కు అర్థం కాలేదు. “బేరం నీకు రాలేదు గద?” అన్నాడు. “రాకపోతే రాకపాయె. రాత అయితే పోయింది గద అక్కడిదాకా,” అందామె.

దశరథ కాలు మునుపటిలా కాలేదు. ఎక్కువసేపు నిలబడలేడు. పూలమ్మ సేటు గేటు ముందు కూర్చుని కూర్చుని, కూర్చుని చేసే పని ఒకటి అతనికి ఇప్పించింది. రామమోహనరావు మీద పోలీసు కేసు పెట్టింది. అది ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన దుకాణమూ నడుస్తూనే ఉంది.

చలికాలంలో ఒక రోజు ఆయనే గల్లీలోకి వచ్చాడు. కారు మలుపులో ఆపి నడిచొచ్చాడు. “ఇప్పుడందరూ రాత ఉన్నవే అడుగుతున్నారమ్మా. నీ రాతతోనే ఇవ్వు. నేనేమీ తుడవను.”

“మీకియ్యను సార్.”

“వ్యాపారంలో ఇంత పట్టింపు పనికిరాదు భానూ.”

“మీకు పనికిరాదు. నాకు గిదే పని.” ఆమె లేచి నిలబడింది. “దశరథన్న ఇంటికి ఎన్నడన్న పోయిన్రా? ముందు గా గడప తొక్కి రాండ్రి. ఆయన ముంగట నిలవడి, స్టిక్కరు ఏసింది నేనే అని చెప్పుండ్రి. తర్వాత నా షాపుకు రాండ్రి. అప్పుడు గూడ ఇస్తనని చెప్తలేను.”

ఆయన మలుపు వైపు నడిచాడు. మట్టయ్య కుర్చీలోంచి, “పోయిండా?” అని అడిగాడు.

“పోయిండు నాయినా.”

“మళ్లొస్తడా?”

“ఏమో. ఒస్తే గిదే చెప్త.”

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. బాలాపూర్‌లోని ప్లైవుడ్ వర్క్‌షాపు నుంచి, ఎవరో తెలియని మనిషి. “అక్కా, మా సేటు రాత లేని టేబుళ్లు తెచ్చిండు. వాటిమీద షీట్లన్ని ఎత్తమంటున్నడు. మేం ఎత్తుతలేం. జర నువ్వొచ్చి చెప్తవా?”

“నేనొచ్చి చెప్పేదేముంది తమ్మీ? ఎత్తుతలేమని మీరే చెప్పిన్రు గద. గదే మాట మీద ఉండుండ్రి,” అంది భానుప్రియ. ఫోన్ పెట్టబోయి, మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. “ఏ గల్లీ? అన్నం తిని ఒస్తున్న. అందాక ఎవర్నీ వాటి దగ్గర నిలవడనియ్యకుండ్రి.”